మంచి ఫొటోగ్రాఫర్ కావడానికి ఎంత సాధన కావాలి, ఆ సాధన ఎలా చేయాలి

కెమెరా కొత్తగా పట్టుకున్నవారు కొద్ది రోజుల్లోనే అడిగే ప్రశ్న ఒకటుంది: ఫొటోలు బాగా తీయడం రావాలంటే ఎన్నాళ్లు పడుతుంది? నా అంచనా ప్రకారం, రోజుకు అరగంట కేటాయించగలిగితే కెమెరాను తడుముకోకుండా వాడటం మూడు నాలుగు నెలల్లో పట్టుబడుతుంది. ఎదురుగా ఉన్న వెలుతురు ఫొటోలో ఎలా కనిపిస్తుందో తీయకముందే ఊహించగలగడానికి ఏడాది నుంచి రెండేళ్లు పడుతుంది. ఇక ఏది తీయాలి, ఏది తీయకుండా వదిలేయాలి అన్న విచక్షణకు మాత్రం గడువంటూ ఏదీ లేదు.

ఈ అంచనాలన్నిటికీ ఒక షరతు ఉంది. షట్టర్ నొక్కే ముందు ఫొటో ఎలా వస్తుందనుకున్నారో, నొక్కిన తర్వాత నిజంగా ఎలా వచ్చిందో పోల్చి చూసుకోవాలి. తేడా ఎక్కడ వచ్చిందో గుర్తించి అదే ఫొటోను మళ్లీ తీయాలి. ఈ పోలిక లేనప్పుడు ఎన్ని వేల ఫొటోలు తీసినా అది అలవాటు అవుతుంది గాని సాధన కాదు. రోజూ సంతకం పెట్టినంత మాత్రాన ఎవరి చేతిరాతా బాగుపడదు.

గంటల లెక్క ఎందుకు సరిపోదు

ఏ విద్యలోనైనా నిపుణులు కావడానికి పదివేల గంటలు కావాలన్న మాట చాలామంది వినే ఉంటారు. దీని మూలం 1993లో మనస్తత్వ శాస్త్రవేత్త అండర్స్ ఎరిక్‌సన్ మరో ఇద్దరితో కలిసి ప్రచురించిన పరిశోధనలో ఉంది. బెర్లిన్‌లోని ఒక సంగీత అకాడమీలో వయొలిన్ నేర్చుకుంటున్న విద్యార్థులను వారు పరిశీలించగా, అందరికంటే మెరుగైనవారు 20 ఏళ్లు వచ్చేసరికి ఒంటరిగా చేసిన సాధన సగటున పదివేల గంటలు దాటినట్టు తేలింది. అది సగటు మాత్రమేననీ, ఆ మెరుగైనవారిలో కూడా చాలామంది ఆ వయసుకు అన్ని గంటలు పూర్తి చేయలేదనీ, గంటల సంఖ్య కంటే ఆ గంటల్లో ఏం చేశారన్నదే ముఖ్యమనీ ఎరిక్‌సన్ తర్వాతి కాలంలో స్వయంగా చెప్పారు. ఆయన దృష్టిలో సాధన అంటే ఒక చిన్న లోపాన్ని ఎంచుకుని, ఫలితాన్ని వెంటనే చూసుకుంటూ, దాన్ని సరిదిద్దుకోవడానికి పదేపదే ప్రయత్నించడం.

ఫొటోగ్రఫీకి వచ్చేసరికి గంటల లెక్క మరింత విచిత్రంగా మారుతుంది. ఒక్కో ఫొటోకు షట్టర్ (వెలుతురును లోపలికి వదిలే తెర) సెకనులో 125వ వంతు సేపు తెరుచుకుంటుందనుకుంటే, పదివేల ఫొటోలకు అది తెరిచి ఉన్న సమయమంతా కలిపినా 80 సెకన్లే అవుతుంది. అసలైన పనంతా ఆ 80 సెకన్లకు ముందూ తర్వాతా, అంటే చూడటంలోనూ ఊహించడంలోనూ తీసినవాటిని వడపోయడంలోనూ ఉంటుంది. అందువల్ల మెమరీ కార్డులు ఎంత త్వరగా నిండుతున్నాయన్నది పురోగతికి కొలత కాలేదు.

సాధన చివరికి ఏ రూపం తీసుకుంటుందో చూపడానికి అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ తీసిన ఒక ఫొటో మంచి ఉదాహరణ. 1941 నవంబరు 1న ఆయన అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో కారులో వెళుతుండగా, హెర్నాండెజ్ అనే పల్లె మీద చంద్రుడు ఉదయించి ఉండటమూ, శ్మశానంలోని తెల్లని శిలువల మీద అస్తమిస్తున్న సూర్యుడి వెలుతురు పడుతుండటమూ కనిపించాయి. కారు ఆపి పెద్ద కెమెరాను నిలబెట్టారు గాని వెలుతురును కొలిచే లైట్ మీటర్ కనిపించలేదు. అప్పుడాయన చంద్రబింబం ప్రకాశం చదరపు అడుగుకు 250 క్యాండిల్స్ అన్న అంకెను గుర్తు తెచ్చుకుని, దాని నుంచి ఎక్స్‌పోజర్‌ను, అంటే ఫిల్మ్ మీద ఎంత వెలుతురు పడాలన్నదాన్ని, మనసులోనే లెక్కకట్టారు. రెండో ఫొటో కోసం ఫిల్మ్ హోల్డర్‌ను తిప్పేలోగా శిలువల మీది వెలుతురు పోయింది. మిగిలింది ఒకే నెగెటివ్.

ఆడమ్స్‌కు 14 ఏళ్ల వయసులో, 1916లో, మొదటి కెమెరా దొరికింది; ఈ ఫొటో తీసేనాటికి ఆయనకు 39 ఏళ్లు. అయినా ఇక్కడ మనం చూడవలసింది ఆ పాతికేళ్లను కాదు, కొన్ని క్షణాల వ్యవధిలో అక్కరకొచ్చిన ఆ అంకెను. ఏ వస్తువు ఎంత ప్రకాశంగా ఉంటుందో కొలిచి, ఆ కొలతను ఫలితంతో పోల్చి చూసుకున్నవారికే అలాంటి అంకెలు అవసరమైన వేళ గుర్తుకొస్తాయి.

మొదటి నెలలు: కెమెరా చేతికి పట్టుబడటం

ఈ దశలో ఒకే లెన్స్‌తో పనిచేయండి. జూమ్ లెన్స్ అయితే దాన్ని 35 లేదా 50 ఎం.ఎం. దగ్గర ఉంచి మరిచిపోండి. దూరాన్ని కాళ్లతో సర్దుకోవడం అలవాటైతే, కెమెరా కంటికి ఆనించకముందే ఫ్రేమ్‌లోకి ఏమేం వస్తాయో తెలుస్తుంది. ఫొటో బాగా రానప్పుడల్లా కొత్త లెన్స్ కొనాలనిపించడం సహజమే గాని, లెన్స్ మారిన ప్రతిసారీ ఈ అంచనా మళ్లీ మొదటికొస్తుంది.

లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రాన్ని అపర్చర్ అంటారు. దాని అంకెలను కంఠతా పట్టాలి: 1.4, 2, 2.8, 4, 5.6, 8, 11, 16. ఈ వరుసలో ఒక్కో మెట్టు ముందుకు వెళితే లోపలికి వచ్చే వెలుతురు సగమవుతుంది; దీన్నే ఒక స్టాప్ అంటారు. షట్టర్ స్పీడ్‌ను సెకనులో 125వ వంతు నుంచి 250వ వంతుకు మార్చినా వెలుతురు సగమే అవుతుంది. వెలుతురుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే ఐఎస్ఓను 100 నుంచి 200కు పెంచితే ఫొటో ప్రకాశం ఒక స్టాప్ పెరుగుతుంది. కాబట్టి ఎఫ్/8 (అంటే అపర్చర్ అంకె 8) దగ్గర 125వ వంతు ఇచ్చే ఎక్స్‌పోజర్‌ను ఎఫ్/5.6 దగ్గర 250వ వంతు కూడా ఇస్తుంది. చదవడానికి ఇది చాలా తేలిక. కానీ కదిలిపోతున్న మనిషి ఎదురుగా ఉన్నప్పుడు వేలు దానంతట అదే సరైన వైపు తిరగాలంటే, కళ్లు మూసుకుని అపర్చర్‌ను రెండు స్టాపులు తగ్గించి, షట్టర్‌ను రెండు స్టాపులు మార్చి, కళ్లు తెరిచి సరిచూసుకునే అభ్యాసం రోజూ ఐదు నిమిషాలైనా చేయాలి.

ఆ తర్వాత కెమెరాలోని మీటర్ చూడకుండా ఎక్స్‌పోజర్ ఊహించడం మొదలుపెట్టండి. ఎండ నేరుగా పడుతున్న వస్తువుకు ఎఫ్/16 పెట్టి, షట్టర్ స్పీడ్‌ను ఐఎస్ఓ అంకెకు దగ్గరగా, అంటే ఐఎస్ఓ 100 అయితే సెకనులో 100 లేదా 125వ వంతుగా ఉంచడం ఫిల్మ్ కాలం నుంచి వస్తున్న సూత్రం. పలుచని మబ్బు ఉంటే ఎఫ్/11, మబ్బు పూర్తిగా కమ్మితే ఎఫ్/8, దట్టమైతే ఎఫ్/5.6, ఆరుబయట నీడలో ఎఫ్/4 అని లెక్క వేసుకోవచ్చు. ముందు మీ ఊహను కాగితం మీద రాసి, అదే సెట్టింగ్‌లో ఫొటో తీసి, హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి, వెలుతురు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్) చూసి, ఎన్ని స్టాపులు తప్పారో పక్కనే రాయండి. మొదట్లో రెండు మూడు స్టాపుల తేడా రావడం మామూలే. అది ఒక స్టాప్‌కు తగ్గిన రోజు నుంచి మీరు మీటర్ చెప్పేది గుడ్డిగా నమ్మకుండా, అది ఎక్కడ మోసపోతోందో కూడా పట్టుకోగలుగుతారు.

మీటర్ మోసపోవడం ఎలాగుంటుందో చూడాలంటే ఒక తెల్లటి గుడ్డతో ఫ్రేమంతా నింపి ఆటోలో ఫొటో తీయండి, తర్వాత నల్లటి గుడ్డతో అదే చేయండి. రెండూ దాదాపు ఒకే బూడిద రంగులో వస్తాయి, ఎందుకంటే ఎదురుగా ఏమున్నా అది మధ్యస్థమైన ప్రకాశం గలదేనని మీటర్ అనుకుంటుంది. తెల్లదాన్ని తెల్లగా చూపాలంటే ఒకటిన్నర నుంచి రెండు స్టాపులు పెంచాలి, నల్లదానికి అదే రీతిలో తగ్గించాలి.

చేయి ఎంత నిలకడగా ఉంటుందో కూడా ఎవరికి వారే కొలుచుకోవాలి. లెన్స్ 50 ఎం.ఎం. అయితే షట్టర్ స్పీడ్ సెకనులో 50వ వంతు కంటే నెమ్మదిగా ఉండకూడదన్న పాత సూత్రం ఒక సగటు మనిషిని దృష్టిలో పెట్టుకున్నది. గోడకు ఒక అచ్చు కాగితం అతికించి, 125, 60, 30, 15వ వంతుల దగ్గర ఐదేసి ఫొటోలు చేతితోనే తీసి, పూర్తి సైజులో పెద్దవి చేసి చూడండి. ఐదింటిలో నాలుగైనా అక్షరాలు స్పష్టంగా ఉన్న అతి నెమ్మది వేగమే ఆ లెన్స్‌కు మీ హద్దు. కెమెరాలో చేతి వణుకును సర్దే స్టెబిలైజేషన్ ఉంటే ఈ హద్దు ఇంకా కిందికి వెళ్తుంది గాని, కదులుతున్న మనిషి విషయంలో అది ఏ సాయమూ చేయదు.

ఫోన్‌తో తీసేవారికీ ఇందులో చాలా భాగం వర్తిస్తుంది. ఎక్కువ ఫోన్లలో అపర్చర్ మారదు కాబట్టి ఆ ఒక్కటీ వదిలేసి, సెట్టింగులను మనమే మార్చుకోగల ప్రో మోడ్‌లో షట్టర్, ఐఎస్ఓలతో పనిచేయవచ్చు.

వెలుతురును చూడటం: ఒక కిటికీ, ఒక కుర్చీ

అందమైన చోట్లకు వెళ్లి తీసిన వందల ఫొటోల కంటే, ఒక కిటికీ పక్కన కుర్చీ వేసి వారం పాటు చేసే అభ్యాసం ఎక్కువ నేర్పుతుందని నా నమ్మకం. ఇది విసుగు పుట్టించే పనే, ఇతరులకు చూపించుకునే ఫొటోలు కూడా రావు. అయినా ఫొటోగ్రఫీలో నేను గట్టిగా సిఫారసు చేసే అభ్యాసం ఏదైనా ఉంటే అది ఇదే.

గదిలో దీపాలన్నీ ఆర్పి, కిటికీకి అర మీటరు దూరంలో ఓపికగల ఒకరిని కూర్చోబెట్టండి. మొదట వారి ముఖం కిటికీ వైపే ఉండాలి, మీరు కిటికీకి వీపు పెట్టి, వెలుతురుకు అడ్డు రాకుండా ఒక పక్కగా నిలబడాలి. షట్టర్ నొక్కే ముందు మూడు ప్రశ్నలకు జవాబు కాగితం మీద రాయండి: ముక్కు నీడ ఎటు పడుతుంది, కిటికీకి దూరంగా ఉన్న కంటిలో వివరం కనిపిస్తుందా, వెనుక గోడ ముఖం కంటే చీకటిగా వస్తుందా? అప్పుడు ఫొటో తీసి, రాసినదానితో పోల్చండి. తర్వాత ముఖాన్ని కొద్దికొద్దిగా పక్కకు తిప్పిస్తూ మళ్లీ అవే ప్రశ్నలు రాసి తీయండి. ముఖం కిటికీకి ఎదురుగా ఉన్నప్పుడు నీడలు దాదాపు ఉండవు, చర్మం నునుపుగా కనిపిస్తుంది, ముఖానికి లోతు తగ్గుతుంది. దాదాపు 45 డిగ్రీలు తిరిగేసరికి ముక్కు నీడ దూరపు చెంప మీదికి పాకి, ఆ కంటి కింద ఒక చిన్న త్రికోణం మాత్రమే వెలుగుతుంది. కిటికీ పూర్తిగా పక్కకు వచ్చినప్పుడు ముఖంలో సగం చీకట్లోకి జారిపోతుంది, చర్మం మీది ప్రతి గరుకూ బయటపడుతుంది. కంటిపాపలో కిటికీ ప్రతిబింబించే తెల్లని చుక్కను కూడా గమనించాలి. ఏ కోణంలో అది మాయమవుతుందో, అక్కడే కన్ను నిర్జీవంగా కనిపిస్తుంది.

కోణాలు అయ్యాక దూరం మార్చండి. కుర్చీని మీటరు దూరానికి, తర్వాత రెండు మీటర్లకు జరిపితే రెండు మార్పులు ఒకేసారి కనిపిస్తాయి. దగ్గరగా ఉన్నప్పుడు ముఖం మీద పడిన వెలుతురు వెనుక గోడ దాకా వెళ్లేసరికి బాగా తగ్గిపోతుంది కాబట్టి గోడ నల్లబడుతుంది. దూరం జరిగే కొద్దీ ముఖానికీ గోడకీ తేడా తగ్గుతుంది. చిన్న దీపం విషయంలో దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతుకు, అంటే రెండు స్టాపులు పడిపోతుంది. కిటికీ వెడల్పైనది కాబట్టి దాని దగ్గర ఈ లెక్క అంత కచ్చితంగా నిలవదు గాని, దూరం పెరిగితే వెలుతురు తగ్గడం మాత్రం తప్పదు. రెండో మార్పు నీడ అంచులో ఉంటుంది. దగ్గర నుంచి చూస్తే కిటికీ ముఖానికి పెద్దదిగా ఉండి నీడ అంచులు మెత్తగా కరిగిపోతాయి, దూరం నుంచి అదే కిటికీ చిన్నదై అంచులు గట్టిపడతాయి.

ఇదే అభ్యాసాన్ని ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం చేయండి. పలుచని తెర వేసి ఒకసారి, కిటికీకి ఎదురువైపు తెల్లటి అట్ట నిలబెట్టి ఇంకోసారి చేయండి. కూర్చునే మనిషి విసిగిపోతే తెల్లటి బంతిని పెట్టుకున్నా కొంతవరకు పని జరుగుతుంది. వారం చివరికి మీ జవాబుల్లో ఎక్కువ భాగం నిజమవుతుంటే, ఆ చూపు కిటికీ దగ్గరే ఆగిపోదు. బస్సులో ఎదుటి సీట్లో కూర్చున్న మనిషి ముఖం మీద కూడా ముక్కు నీడ ఎటు పడిందో మీకు తెలియకుండానే చూస్తారు.

ముప్ఫై ఆరు ఫొటోలు, మూడు ఎంపికలు

35 ఎం.ఎం. ఫిల్మ్ రీలులో సాధారణంగా 36 ఫొటోలు వచ్చేవి. ఆ హద్దును డిజిటల్‌లో కూడా మనమే పెట్టుకోవచ్చు. వారానికి ఒక రోజు ఒకే వస్తువునో ఒకే చోటునో ఎంచుకుని, సరిగ్గా 36 ఫొటోలు తీయండి. మధ్యలో స్క్రీన్ చూడకూడదు, దేన్నీ చెరిపేయకూడదు. మొదటి పది పన్నెండు ఎవరైనా తీసేవిలాగే వస్తాయి. ఆ తర్వాత మోకాళ్ల మీద కూర్చోవడం, వెనక్కి తిరిగి చూడటం, ఆ వస్తువును వదిలేసి దాని నీడను తీయడం తప్పనిసరి అవుతుంది. నొక్కే ముందు ఫ్రేమ్ నాలుగు మూలలనూ ఒకసారి చూపుతో చుట్టి రావడం అలవాటు చేసుకోండి. తల వెనుక నుంచి మొలిచినట్టు కనిపించే స్తంభం, అంచున తెగిపోయిన చేయి వంటివి చాలావరకు ఒక అడుగు పక్కకు జరిగితే పోతాయి.

తీసిన వెంటనే ఎంపిక చేయవద్దు. ఆ రోజు ఎండలో పడ్డ కష్టమో, అక్కడి మనుషులతో గడిపిన సంతోషమో ఇంకా మనసులో ఉండగా ఫొటోను ఫొటోగా చూడటం సాధ్యం కాదు. అమెరికన్ ఫొటోగ్రాఫర్ గ్యారీ వినోగ్రాండ్ ఈ కారణంగానే తీసిన రీళ్లను ఏడాదికి పైగా డెవలప్ చేయకుండా ఉంచేవారు. 1984లో ఆయన మరణించేనాటికి డెవలప్ చేయని రీళ్లు సుమారు 2,500 మిగిలిపోయాయి. అంత దూరం వెళ్లనక్కరలేదు, వారం ఆగితే చాలు. వారం తర్వాత 36 నుంచి మూడింటిని మాత్రమే ఉంచుకుని, మిగిలిన ప్రతిదాని పక్కన దాన్ని ఎందుకు వదిలేశారో ఒక్క మాటలో రాయండి: ఫోకస్, షేక్, వెలుతురు, బ్యాక్‌గ్రౌండ్, క్షణం తప్పింది, చెప్పడానికి ఏమీ లేదు.

ఈ చీటీలే మీకు పాఠ్యప్రణాళిక. నెల తిరిగేసరికి ఏ మాట ఎక్కువసార్లు వచ్చిందో లెక్కపెట్టి, తర్వాతి నెల సాధనంతా దాని మీదే పెట్టండి. 'షేక్' ఎక్కువగా ఉంటే షట్టర్ స్పీడ్ మీద పనిచేయాలి. 'బ్యాక్‌గ్రౌండ్' ఎక్కువగా ఉంటే నెల పాటు ముందుగా బ్యాక్‌గ్రౌండ్‌ను ఎంచుకుని, మనుషులు దాని ముందుకు వచ్చేవరకు వేచి ఉండాలి. 'క్షణం తప్పింది' అన్నది ఎక్కువైతే వేగంగా వరుస ఫొటోలు తీసే బర్స్ట్ మోడ్‌ను కట్టేసి, ఒక్కో సందర్భానికి ఒక్కసారే నొక్కే నియమం పెట్టుకోవాలి. 'చెప్పడానికి ఏమీ లేదు' అన్నదానికి కెమెరాతో చేసే అభ్యాసం లేదు. మీకు నిజంగా ఆసక్తి ఉన్న మనుషుల దగ్గరికో పనుల దగ్గరికో వెళ్లడం తప్ప మరో దారి నాకు కనిపించదు.

ఇతరుల అభిప్రాయం అడిగేటప్పుడు 'ఎలా ఉంది?' అని అడగవద్దు, బాగుందనే అంటారు. ఫొటోను రెండు సెకన్లు చూపించి దాచేసి, 'మొదట కన్ను ఎక్కడికి వెళ్లింది?' అని అడగండి. మీరు చూపించాలనుకున్న చోటు కాక, మూలనున్న ఎర్రటి బకెట్ దగ్గరికి వెళ్లిందంటే, ఆ ఒక్క జవాబు వంద లైకుల కంటే ఎక్కువ పనికొస్తుంది.

వేగమూ విరామమూ

ఆదివారం ఒక్కరోజే నాలుగు గంటలు చేయడం కంటే రోజూ అరగంట చేయడం మేలు. మొన్నటి పొరపాటు గుర్తుండగానే దాన్ని సరిదిద్దే అవకాశం వస్తుంది కాబట్టి తక్కువ సమయంలోనే ఎక్కువ నేర్చుకుంటారు. ఐదారు నెలలు గడిచాక తీసిన ప్రతిదీ చెత్తగా కనిపించే దశ ఒకటి చాలామందికి వస్తుంది. అప్పటికి చూపు చేతి కంటే ముందుకు పోయి ఉంటుంది. ఆ దశలో సాధన ఆపకుండా, అభ్యాసాన్ని మాత్రం చిన్నది చేసుకోవాలి.

వృత్తిగా తీసుకోవాలనుకునేవారికి పైన చెప్పినదానికి మరో రకం సాధన తోడు కావాలి. అభిరుచిగా తీసేవారికి 36లో మూడు బాగుంటే చాలు. డబ్బు తీసుకుని తీసేవారు వెలుతురు బాగాలేకపోయినా, ఎదుటివారు సహకరించకపోయినా చెప్పిన సమయానికి చెప్పినన్ని ఫొటోలు పనికొచ్చేలా ఇవ్వాలి. అందుకు నచ్చని వేళల్లో, నచ్చని గదుల్లో కావాలనే తీసి చూడటమూ, అనుభవజ్ఞుల దగ్గర కొంతకాలం సహాయకులుగా ఉండటమూ మంచి మార్గాలు. మనుషులతో మాట్లాడి వారి బిగువు సడలించడం కూడా ఆ చోట్లే అలవడుతుంది, ఏ సెట్టింగ్‌తోనూ అది రాదు.

పురోగతిని మూడు నెలలకోసారి కొలుచుకోండి. అదే కిటికీ, అదే వేళ, అదే లెన్స్‌తో మళ్లీ 36 తీసి, అందులోంచి మూడు ఎంచి, మూడు నెలల కిందటి మూడింటితో కలిపి, తేదీలు కనిపించకుండా వేరొకరి ముందు పెట్టండి. ఏవి పాతవో, ఏవి కొత్తవో వారు సులువుగా వేరు చేయగలిగితే తర్వాతి అభ్యాసానికి వెళ్లవచ్చు. వేరు చేయలేకపోతే ఆ మూడు నెలల చీటీలను మళ్లీ ముందేసుకుని, ఎక్కువసార్లు రాసిన కారణం ఒక్కదాన్నే తీసుకుని, కిటికీ పక్కన కుర్చీతోనే మరో నెల పనిచేయాలి.